వాలు వాలులా కనబడాలంటే కెమెరా ఎక్కడ బిగించాలి

(హైదరాబాద్‌లో మౌంటెన్ బైక్ తొక్కేవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం, చివర అడిగిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. పొద్దున్నే ట్రెయిల్ తొక్కి నేరుగా ఇటే వచ్చినవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు, మోచేతుల మీద ఎర్రమట్టి ఇంకా ఆరలేదు. అలసిపోయి ఉంటారు, అందుకని సూటిగా విషయంలోకి వస్తాను.

మనందరికీ ఉన్న బాధ ఒకటే. అనంతగిరి కొండల్లో ఒక నిటారు వాలు దిగుతాం. బ్రేకుల మీద వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, నోరు ఎండిపోతుంది, కిందికి చేరాక కాసేపు మాట రాదు. ఇంటికొచ్చి ఆ వీడియో పెడితే అమ్మ చూసి, "ఇదేనా? చదునుగానే ఉంది కదే" అంటుంది. అమ్మ అన్నది నిజమే, వీడియోలో అది చదునుగానే ఉంది. ఇంకాస్త ఖరీదైన కెమెరా కొంటే ఈ బాధ తీరుతుందని చాలామంది అనుకుంటారు. తీరదు. బిగించే చోటు మారిస్తే చాలావరకు తీరుతుంది.

వాలు మీద ఉన్నామని మనకి ఎలా తెలుస్తుంది? లోపలి చెవి చెబుతుంది. పాదాల మీద పడే బరువు చెబుతుంది. ముందుకు జారిపోతున్న ఒళ్ళు చెబుతుంది. వీడియోలో ఇవేవీ ఉండవు, ఉన్నది చూపు ఒక్కటే. పైగా వాలులో మనతోపాటు కెమెరా కూడా ముందుకు వంగుతుంది. కాబట్టి నేల ఎప్పటిలాగే ఫ్రేమ్ అడుగున ఉంటుంది, దారి ఎప్పటిలాగే మధ్యలోంచి పోతుంది. దానికి తోడు ఈ చిన్న యాక్షన్ కెమెరాలకుండే వైడ్ లెన్స్ దూరాన్ని మరింత దూరంగా, ఎత్తుపల్లాల్ని మరింత చిన్నగా చూపిస్తుంది. మోకాలి ఎత్తు రాతిమెట్టు కూడా చక్రం అంచుకి చేరేదాకా నేల మీద గీసిన గీతలా ఉంటుంది.

మరి వాలుని ఎవరు చెప్పాలి? సైకిలూ, మన ఒళ్ళూ చెప్పాలి. వాలు దిగేటప్పుడు మనం నడుము వెనక్కి తోస్తాం, చేతులు చాపుతాం, హ్యాండిల్ మన నుంచి దూరంగా, కిందికి జారుతుంది. ఆ చేతులు, ఆ హ్యాండిల్, దాని కింద ముందు టైరు ఫ్రేమ్‌లో ఉంటే చూసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చేతులు చాచుకున్నాయంటే దారి పడిపోతోందని సైకిలెక్కనివాళ్ళకి కూడా అర్థమవుతుంది. ఈ రోజు నేను చెప్పబోయే వాటిలో సగం ఇందులోంచే వస్తాయి.

రెండో సంగతి ఎత్తు. కెమెరా నేలకి ఎంత దగ్గరగా ఉంటే వేగం అంత ఎక్కువగా కనిపిస్తుంది. పెడళ్ళ మీద నిలబడి తొక్కేవాళ్ళ హెల్మెట్ నేలకి సుమారు 1.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఛాతీ 1.2 చుట్టుపక్కల ఉంటుంది. అదే కోణంలో చూస్తే, కెమెరా ఎత్తు సగానికి తగ్గినప్పుడు కింద నేల రెండింతల వేగంతో పారినట్టు కనిపిస్తుంది. కాబట్టి హెల్మెట్ మీంచి తీసిన వీడియో నిదానంగా ఉందనిపిస్తే మీరు నిదానంగా తొక్కారని కాదు, కెమెరా పైన ఉంది, అంతే.

ఈ చోటు వెతుకులాట కొత్తదేమీ కాదు. 1987లో కాలిఫోర్నియాలో మార్క్ షుల్జ్ అనే వీడియో నిర్మాత మౌంటెన్ బైకింగ్ తియ్యడానికి మోటార్‌సైకిల్ హెల్మెట్‌కి కెమెరా బిగించి, దాన్నుంచి వైరు లాగి, వీడియో రికార్డర్ని, బ్యాటరీని వీపు సంచిలో మోసుకుంటూ తొక్కాడు. 2004లో గోప్రో పేరుతో నిక్ వుడ్‌మన్ అమ్మిన మొదటి కెమెరా మణికట్టుకి కట్టుకునే ఫిల్మ్ కెమెరా, సర్ఫింగ్ చేసేవాళ్ళ కోసం చేసింది. చూడండి, ఇద్దరూ కెమెరాని మనిషి ఒంటికే కట్టారు. సైకిల్‌కో, సర్ఫింగ్ పలకకో కట్టలేదు. అదే సరైన ఆలోచనని నా గట్టి అభిప్రాయం.

కానీ కెమెరా కొన్న కొత్తలో మనం ఏం చేస్తాం? డబ్బా విప్పగానే హ్యాండిల్‌కి బిగిస్తాం. ఫోను అక్కడే పెట్టుకుంటాం, లైటు అక్కడే, బెల్లు అక్కడే, కెమెరా కూడా అక్కడే. రోడ్డు మీదైతే పరవాలేదు. ట్రెయిల్ మీద ముందుకి చూసే కెమెరాకి ఇంతకంటే పనికిరాని చోటు నాకు తెలిసి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ కాళ్ళు ఒక్కటే, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎందుకు పనికిరాదో కాస్త వివరంగా చెప్పాలి. ఈ కెమెరాల్లో సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా తీసుకోదు. పై వరస నుంచి కింది వరస దాకా వరసవరసగా చదువుకుంటూ వస్తుంది. ఆ చదివే కొద్దిసేపట్లోనే హ్యాండిల్ సన్నగా, చాలా వేగంగా వణుకుతుంది. పై వరస ఒక చోట, మధ్య వరస ఇంకో చోట, కింది వరస మరో చోట పడతాయి. నిలువుగా ఉన్న టేకు చెట్టు పాకుతున్నట్టు వంకర్లు పోతుంది. స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు. 2018లో గోప్రో హీరో7 బ్లాక్‌తో హైపర్‌స్మూత్ అనే స్టెబిలైజేషన్ వచ్చినప్పటి నుంచి, కెమెరా ఎక్కడ పెట్టినా ఒకటే అనే మాట బాగా పాకిపోయింది. స్టెబిలైజేషన్ ప్రధానంగా చేసేది ఒక ఫ్రేమ్‌కీ తర్వాతి ఫ్రేమ్‌కీ మధ్య వచ్చిన కదలికని సర్దడం. ఒకే ఫ్రేమ్ లోపల పడిన వంకరని అది పూర్తిగా తియ్యలేదు. ఫ్రేమ్‌లో మసక పడితే అసలేమీ చెయ్యలేదు. చెట్ల నీడలోకి వెళ్ళగానే వెలుతురు చాలక షటర్ వేగం పడిపోతుంది, అప్పుడు ప్రతి కుదుపూ మసకగా ముద్ర పడుతుంది. స్టెబిలైజేషన్ ఆ మసక బొమ్మని తీసుకొచ్చి కదలకుండా నిలబెడుతుంది. బొమ్మ కదలదు, కానీ లోపల ఉండుండి ఏదో జలదరించినట్టు ఉంటుంది. ఆ వీడియో పెద్ద టీవీలో రెండు నిమిషాలు చూస్తే తల తిరుగుతుంది.

ఇంకోటి. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ కెమెరా తిరుగుతుంది. సన్నటి దారిలో బ్యాలెన్స్ కోసం మనం హ్యాండిల్‌ని అటూ ఇటూ చిన్నగా సర్దుతూనే ఉంటాం, మనకి తెలియదు కూడా. కెమెరాకి అంతా తెలుస్తుంది. మలుపులో సైకిల్ పక్కకి వాలితే కెమెరా కూడా వాలుతుంది, నేలంతా ఏటవాలుగా అయిపోతుంది. పైగా ఆ చోట మీ చేతులు కనిపించవు, హ్యాండిల్ కనిపించదు. శబ్దం మాత్రం బాగా వినిపిస్తుంది, వైర్లు తగలడం, చైను ఫ్రేమ్‌ని కొట్టడం, బ్రేకు లీవరు గలగల.

హ్యాండిల్ మీద కెమెరాకి నేను ఒప్పుకునే పని ఒక్కటుంది. దాన్ని వెనక్కి, అంటే తొక్కేవాళ్ళ ముఖం వైపు తిప్పి పెట్టడం. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ షాట్‌కి సాటి లేదు. వేగం తక్కువ కాబట్టి వణుకు తక్కువ, ముఖం మీద చెమట, పళ్ళ బిగువు, వెనకాల కిందికి పోతున్న దారి, అన్నీ ఒకే ఫ్రేమ్‌లో దొరుకుతాయి. పది సెకన్లు చాలు.

ఇక హెల్మెట్. నెత్తిన బిందె పెట్టుకుని పొలంగట్టు మీద నడిచే ఆడవాళ్ళని చూసే ఉంటారు. కాళ్ళు తడబడతాయి, నడుము ఊగుతుంది, బిందెలో నీళ్ళు తొణకవు. మన ఒళ్ళు తలని కుదుపుల నుంచి అలా కాపాడుకుంటుంది. మోకాళ్ళు, నడుము, భుజాలు, మెడ వరసగా కుదుపుని మింగేస్తాయి. సైకిల్ మలుపులో పక్కకి వాలినా తల మాత్రం నిటారుగానే ఉంటుంది. అందుకే హెల్మెట్ వీడియో నునుపుగా, నేల సమంగా ఉండి వస్తుంది. మనం చూసే వైపే కెమెరా చూస్తుంది, ఏ రాయి మీంచి లైన్ పట్టుకున్నామో, ఎక్కడ కళ్ళు పెట్టామో తెలుస్తుంది. కొత్తవాళ్ళకి ట్రెయిల్ నేర్పడానికి తీసే వీడియో అయితే హెల్మెట్టే మేలు.

ఇబ్బందులు రెండున్నాయి. నడినెత్తిన పెడితే సైకిలే కనిపించదు. ఎవరో గాలిలో తేలుతూ పోతున్నట్టు ఉంటుంది తప్ప తొక్కుతున్నట్టు ఉండదు, వాలు పూర్తిగా మాయమవుతుంది. అందుకే కెమెరాని మీరనుకునే దానికంటే కాస్త కిందికి వంచండి. నిలబడి తల నిటారుగా పెట్టి సరిచూస్తే లాభం లేదు, సైకిలెక్కి, తొక్కే భంగిమలో చూడాలి. హ్యాండిల్ ఫ్రేమ్ అడుగు అంచున కనిపించేదాకా వంచండి, ఆకాశం పోతే పోనివ్వండి. రెండో ఇబ్బంది కొమ్మలు. మన అడవుల్లో ముళ్ళకంపలు సరిగ్గా తల ఎత్తులోనే వంగి ఉంటాయి. తల వంచి తప్పించుకోవడం మనకి అలవాటే, కానీ నెత్తిన ఇంకో మూడు నాలుగు అంగుళాలు మొలిచిన సంగతి ఒంటికి గుర్తుండదు. కొమ్మకి కెమెరా తగిలితే మెడ వెనక్కి విరుచుకుపోతుంది.

హెల్మెట్ భద్రత గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. హెల్మెట్‌ని పరీక్షించేటప్పుడు దాని మీద కెమెరా ఉండదు. పడ్డప్పుడు నున్నటి హెల్మెట్ నేల మీద జారుతుంది, అది మంచిదే. దాని మీద గట్టి ముక్క ఒకటి పొడుచుకుని ఉంటే జారాల్సింది పట్టుకుని మెలి తిరుగుతుంది. అందుకని హెల్మెట్‌కి పెట్టే మౌంట్ గట్టి దెబ్బకి ఊడిపోయేలా ఉండాలి. స్క్రూతో హెల్మెట్‌కి రంధ్రం పెట్టి బిగించినవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చెయ్యకండి. రంధ్రం పడిన హెల్మెట్‌ని ఇక హెల్మెట్ అనలేం.

గడ్డం కూడా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్ ఉన్నవాళ్ళకి గడ్డం దగ్గర బిగించుకునే వీలుంది. కెమెరా దాదాపు కళ్ళ వరసలోకి వస్తుంది, నెత్తి మీద కంటే కిందికి దిగుతుంది, హ్యాండిల్, చేతులు దానంతటవే ఫ్రేమ్‌లోకి వస్తాయి. నిటారు దిగుళ్ళకి ఇంతకంటే నిజాయితీగా ఉండే చోటు ఇంకోటి లేదని నా నమ్మకం. చిక్కల్లా ఏమిటంటే మన ఎండలకి ఫుల్‌ఫేస్ పెట్టుకుని తొక్కేవాళ్ళు తక్కువ, ఊపిరి శబ్దం కూడా మైకులో బాగా పడుతుంది.

మిగతా అందరికీ, అంటే ఈ గదిలో ఎక్కువమందికి, నేను చెప్పేది ఛాతీ.

ఛాతీ మీద కెమెరా ఉంటే రెండు చేతులు, హ్యాండిల్, ముందు చక్రం పైభాగం, దాని ముందు దారి, అన్నీ దొరుకుతాయి. మోచేతులు విచ్చుకోవడం, మలుపులో ఒక చెయ్యి చాచుకుని ఇంకో చెయ్యి మడతపడటం, బ్రేకు మీద వేలు బిగుసుకోవడం, ఇవన్నీ కథ చెబుతాయి. నేలకి దగ్గర కాబట్టి వేగం ఉంటుంది. ఒళ్ళు కుదుపు మింగుతుంది కాబట్టి వణుకు ఉండదు. తల తిప్పి వెనకవాళ్ళతో మాట్లాడినా కెమెరా దారినే చూస్తుంది.

కాకపోతే పట్టీ కట్టుకోవడంలో శ్రద్ధ కావాలి. జెర్సీ మీద వేసుకోండి. ఊపిరి నిండా పీల్చి, ఆ స్థితిలో పట్టీ బిగించండి, లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పుతుంటే పక్కటెముకలకి ఒరుసుకుంటుంది. వీపున వేసుకునే నీళ్ళ సంచి పట్టీలు దాని మీంచి వెళ్ళాలి. ఇప్పుడు అసలు పని. సైకిల్‌ని గోడకి ఆనించి ఎక్కండి, లేదా స్నేహితుణ్ణి వెనక చక్రం పట్టుకోమనండి. పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో పెట్టి, లేచి నిలబడి, మోచేతులు బయటికి, నడుము వెనక్కి పెట్టండి. అంటే వాలు దిగే భంగిమ. ఆ భంగిమలో ఛాతీ నేల వైపు వంగిపోతుంది. నిటారుగా నిలబడి సరిచూసుకున్న కెమెరా ఇప్పుడు హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్‌నీ టైరునీ చూస్తూ ఉంటుంది, దారి ఉండదు. ఛాతీ మౌంట్ వాడి విసుగొచ్చి మానేసినవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయారు. స్నేహితుడి చేతికి ఫోనిచ్చి, ఫోన్‌లో కెమెరా చూపు చూస్తూ, పైకి ఎత్తుతూ రమ్మనండి. దిగంతం పైనుంచి మూడో వంతు దగ్గరికి వచ్చేదాకా ఎత్తాలి. చాలా మౌంట్లలో మామూలుగా పెడితే అంత పైకి ఎత్తడం కుదరదు, పట్టీకే తగులుతుంది. అప్పుడు కెమెరాని తలకిందులుగా బిగించండి. మౌంటు చెయ్యి కిందికి వేలాడుతుంది కాబట్టి ఎంత కావాలంటే అంత పైకి తిప్పుకోవచ్చు. బొమ్మని కెమెరానే సరిచేసుకుంటుంది.

ఇంకో వెసులుబాటు, నిలువు ఎక్కువ ఉన్న ఫ్రేమ్‌లో తియ్యడం. 2022లో వచ్చిన హీరో11 బ్లాక్‌లో 8:7 నిష్పత్తి ఇచ్చారు. పాత కెమెరాల్లో 4:3 ఉంటుంది. మామూలు 16:9లో చక్రమైనా పోతుంది, దారైనా పోతుంది. నిలువు ఫ్రేమ్‌లో రెండూ దొరుకుతాయి, తర్వాత కావలసినంత కోసుకోవచ్చు.

ఆడవాళ్ళ కోసం ఒక మాట, ఎందుకంటే ఈ సంగతి ఎక్కడా చెప్పరు. బజార్లో దొరికే ఛాతీ పట్టీలు మగవాళ్ళ ఒంటికి చేసినవి. మనకి ఆ ప్లాస్టిక్ పలక సరిగ్గా ఆనదు, ముందుకి వంగగానే ఊగుతుంది, గంట తొక్కితే నొప్పి. నీళ్ళ సంచికి రెండు భుజపట్టీలని కలుపుతూ ఛాతీ పైభాగంలో అడ్డపట్టీ ఒకటి ఉంటుంది కదా, దానికి, రెండు భుజపట్టీలకి కలిపి కట్టుకునే మౌంట్లు దొరుకుతాయి. కెమెరా కాలరెముకల కిందికి వస్తుంది. అది హాయిగా ఉంటుంది, ఊగదు, చూపు కూడా కాస్త పైనుంచి దొరుకుతుంది. నేను వాడేది అదే. మగవాళ్ళు కూడా ఒకసారి ప్రయత్నించండి.

ఛాతీకి ఉన్న లోపాలు కూడా చెప్పేస్తాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఒళ్ళు ఇంకా వంగి, స్టెమ్ తప్ప ఏమీ కనిపించదు, మోకాళ్ళు వచ్చి పోతుంటాయి. ఎక్కేటప్పుడు ఆపేసి బ్యాటరీ మిగుల్చుకోండి. గడ్డం మీంచి చెమటచుక్క సరిగ్గా లెన్స్ మీదే పడుతుంది, దిగుడు మొదలుపెట్టే ముందు తుడవడం మర్చిపోకండి. వానాకాలంలో ముందు టైరు బురద నేరుగా ఛాతీకే కొడుతుంది, ఫోర్క్‌కి చిన్న ప్లాస్టిక్ మడ్‌గార్డ్ తగిలిస్తే మీ ముఖమూ బాగుంటుంది, లెన్సూ బాగుంటుంది. హ్యాండిల్ మీంచి ముందుకి పడితే ఛాతీ నేలకి కొట్టుకోవచ్చు, మధ్యలో గట్టి కెమెరా ఉంటుంది. పెద్ద జంపులు చేసే రోజున నేను ఛాతీకి పెట్టను.

సైకిల్ ఫ్రేమ్‌కి బిగించే చోట్ల గురించి త్వరగా చెబుతాను. ఫోర్క్ కింది కాళ్ళకి సస్పెన్షన్ రక్షణ ఉండదు, చక్రం తిన్న ప్రతి దెబ్బా కెమెరా తింటుంది. సీటు పోస్టుకి వెనక్కి చూసేలా పెడితే వెనకాల వచ్చే స్నేహితుల వీడియో అద్భుతంగా వస్తుంది, దుమ్ము లేస్తూ, ఒకరి వెనక ఒకరు. కానీ డ్రాపర్ పోస్టు, అంటే తొక్కుతూనే సీటు దించుకునే పోస్టు, ఉన్నవాళ్ళు ఆ మెరిసే కడ్డీకి క్లాంపు బిగించకూడదు. ఫోర్క్ పైన నున్నగా మెరిసే కాళ్ళకి కూడా అంతే. అక్కడ గీత పడితే లోపలి సీలు చిరుగుతుంది, ఆ రిపేరు కెమెరా మౌంటు ధరకి పదింతలు. సీటు కింది పట్టాలకి బిగించండి. బిగించాక ఇంకో పరీక్ష ఉంది. వెనక చక్రానికి కూడా కుదుపు మింగే షాక్ ఉండే ఫుల్ సస్పెన్షన్ సైకిలైతే ఆ షాక్‌లో గాలి తీసేసి, సీటు పూర్తిగా దించి, ఒంటి బరువంతా వేసి కూర్చోండి. టైరు కెమెరాకి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. తగిలేలా ఉంటే ఆ చోటు వద్దు, ట్రెయిల్ మధ్యలో తగిలితే చక్రం పట్టేస్తుంది.

ఇంతసేపూ ఒంటి మీద, సైకిల్ మీద అని చెప్పాను. ఇప్పుడు మీలో చాలామంది అసలు పట్టించుకోని చోటు, దారి పక్కన నేల.

ఎంత మంచి ఛాతీ వీడియో అయినా అయిదు నిమిషాలు ఏకధాటిగా చూడలేం. మధ్యలో ఒక్కసారి బయటినుంచి ఆ మనిషిని చూడాలి, అప్పుడే ఆ వాలు ఎంతో తెలుస్తుంది. సైకిల్ దిగి, దారి పక్కన చిన్న ట్రైపాడ్ మీదో, ఒక రాతి మీదో కెమెరా పెట్టి, వెనక్కి ఎక్కి, మళ్ళీ దిగండి. శ్రమే. కానీ అమ్మ "చదునుగా ఉంది" అన్న మాట వెనక్కి తీసుకునేది ఈ షాట్ చూసే.

ఎక్కడ పెట్టాలి? వాలు కోణం చూపించాలంటే దారికి సరిగ్గా పక్కనుంచి, అడ్డంగా. ఇక్కడ జరిగే పొరపాటు, కొండ మీద నిలబడ్డవాళ్ళు తెలియకుండానే కెమెరాని కూడా కొండతోపాటు ఒరగబెడతారు. వాలు మళ్ళీ చదునైపోతుంది. ఫ్రేమ్‌లో ఒక చెట్టు మొదలు ఉండేలా చూసుకుని, అది ఫ్రేమ్ అంచుకి సమంగా నిటారుగా ఉండేదాకా సరిచెయ్యండి. చెట్లు వాలుతో సంబంధం లేకుండా నిటారుగానే పెరుగుతాయి కాబట్టి కొలతకి అవే ఆధారం. కిందినుంచి పైకి చూస్తూ తీస్తే గోడలా కనిపిస్తుంది, ఫోన్‌లో జూమ్ లెన్స్ ఉంటే ఇంకా బాగుంటుంది. పైనుంచి కిందికి మాత్రం తియ్యకండి, ఎంతటి లోయనైనా చాపలా పరిచేస్తుంది.

మలుపులో అయితే లోపలి వైపు, నేలకి జానెడు ఎత్తులో పెట్టండి. బయటి వైపు వద్దు, ముఖ్యంగా మనిషి కెమెరా పట్టుకుని అక్కడ నిలబడకూడదు. మలుపు తప్పినవాళ్ళు వచ్చి పడేది అటే. లోపలి వైపు పెడితే సైకిల్ కెమెరా మీదికి వాలుతూ వస్తుంది, టైరు మట్టిని చిమ్ముకుంటూ పక్కనుంచి పోతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన షాట్ ఇది. ఇక్కడి ఎర్రమట్టి మీద ఉదయపు ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, ఆ చిమ్మిన దుమ్ములో వెలుతురు పడితే ఏ ఎడిటింగూ అక్కర్లేదు.

చుట్టూ అన్ని వైపులా ఒకేసారి తీసే 360 కెమెరాల గురించి చాలామంది అడుగుతున్నారు. కర్ర చివర పెడితే కర్ర దానంతటదే మాయమవుతుంది, వెనకనుంచి ఎవరో తీసినట్టు ఉంటుంది, ఆ వింత నిజంగానే బాగుంటుంది. ఎటు చూపించాలో ఇంటికొచ్చాక నిర్ణయించుకోవచ్చు. వెడల్పు బండిబాటల మీద వాడండి. సన్నటి దారుల్లో ఆ కర్ర కొమ్మలకి తగులుతుంది, రాళ్ళ మీద ఊగుతుంది, రెండువైపులా ఉబ్బిన లెన్సులకి ఒక్క ముల్లు చాలు.

అంటించే మౌంట్ల గురించి. కింద ఉండే ఆ గమ్ము టేపు వెంటనే పూర్తిగా పట్టుకోదు. మామూలు వేడిలో 24 గంటలకి చాలావరకు, 72 గంటలకి పూర్తిగా పట్టు వస్తుంది. ట్రెయిల్‌కి వెళ్ళే పొద్దున అంటించడం అంటే కెమెరాని అడవికి దానం చెయ్యడమే. అంటించే ముందు సర్జికల్ స్పిరిట్‌తో జిడ్డు తుడవండి. వంపు ఉన్న చోట వంపు మౌంటే పెట్టండి, చదును మౌంటుని నొక్కి అంటిస్తే అంచుల నుంచి లేస్తుంది. కెమెరాకి ఒక సన్నటి తాడు కట్టి దేనికైనా ముడివెయ్యండి, కానీ హెల్మెట్‌కి కట్టే తాడు చాలా పొట్టిగా ఉండాలి. కీళ్ళున్న పొడుగు మౌంటు చేతులు వాడకండి. ప్రతి కీలూ ఒక వణుకు, ఎంత పొట్టిగా ఉంటే బొమ్మ అంత నిలకడ.

సెట్టింగుల మీద నాకు పెద్ద పట్టింపు లేదు. సెకనుకి 60 ఫ్రేములు పెట్టండి. స్టెబిలైజేషన్ మామూలు స్థాయిలో చాలు, దాని పై స్థాయి బూస్ట్ పెడితే ఫ్రేమ్ కోసుకుపోవడమే కాక రాళ్ళ దారి తారురోడ్డులా అయిపోతుంది, మీ చేతులు తిన్న దెబ్బలన్నీ వృథా. మే నెల ఎండలో ఆగి మాట్లాడుకుంటున్నప్పుడు రికార్డింగ్ ఆపేయండి, గాలి తగలక కెమెరా వేడెక్కి ఆగిపోతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

తమ్ముడు అడుగుతున్నాడు, తనది కార్బన్ ఫ్రేము, క్లాంపు బిగించొచ్చా అని. కార్బన్ పైపుకి చుట్టూ సమంగా పడే ఒత్తిడి పరవాలేదు కానీ ఒక్క చోట నొక్కే స్క్రూ ప్రమాదం. పగులు బయటికి కనిపించకుండా లోపల మొదలవుతుంది. రబ్బరు పట్టీ ఉండే మౌంట్లు వాడు, లేదా ఒంటికే కట్టుకో. నీ డబ్బు, నీ ఎముకలు రెండూ భద్రంగా ఉంటాయి.

అక్కయ్య డ్రోన్ గురించి అడిగారు. అందంగా వస్తుందండీ, కాదనను. కానీ 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఎక్కడ ఎగరెయ్యొచ్చో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి, రిజర్వు ఫారెస్టులోకి తీసుకెళ్తే అటవీ శాఖని ముందే అడగాలి. ఆ మాటకొస్తే సైకిళ్ళతో వెళ్ళడానికి కూడా అడిగి వెళ్ళడమే మర్యాద. పైగా డ్రోన్ చప్పుడుకి పక్షులు గూళ్ళు వదిలి లేస్తాయి. నేను వాడను.

చివరి వరసలో బాబు, యాక్షన్ కెమెరా కొనలేను, ఫోను ఉంది, హ్యాండిల్‌కి పెట్టుకోనా అన్నాడు. వద్దు నాన్నా. మోటార్‌సైకిల్ హ్యాండిల్ మీది గట్టి వణుకు ఐఫోన్ కెమెరాని పాడుచెయ్యొచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. లెన్స్‌ని నిలకడగా ఉంచడానికి లోపల కదిలే చిన్న భాగాలుంటాయి, దెబ్బ తినేవి అవే. రాళ్ళ మీద మన హ్యాండిల్ తినే కుదుపులు కూడా తక్కువేమీ కాదు. నీ ఫోను దారి పక్కన పెట్టడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. చిన్న ట్రైపాడ్ చాలు. అది కూడా లేకపోతే రెండు రాళ్ళ మధ్య అడ్డంగా నిలబెట్టి, వెనకాల గ్లవ్స్ పెట్టి ఆనించు. ఛార్జింగ్ పెట్టే రంధ్రం గాలి వచ్చే వైపు కాకుండా చూసుకో. మట్టి దూరితే సూదితో గెలకకు, ఆరిన మెత్తటి బ్రష్‌తో దులుపు.